మూసీ నీరు చేరెడి సీమ

హైదరాబాదు పాతనగరమున చార్మినారునకు కొంచెము ఉత్తరముగా నాలుగు పెద్ద కమానులు నిలిచియున్నవి. వానిలో ఉత్తరపు దానికి మచిలీ కమాను అని పేరు. ‘మచిలీ’ యనగా చేప. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున, రాతిగుట్టల నడుమ వెలసిన నగరములో చేప పేరిట ద్వారమేల యని క్రొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపడుదురు. ఆ చేప శుభచిహ్నము మాత్రమే. మచిలీపట్టణముతో దానికి చుట్టరికము లేదు. అయినను ఈ కమానుల క్రింద నిలిచి మచిలీపట్టణమును తలచుకొనుట తప్పు కాదు. ఒకప్పుడు ఈ నగరపు సంపదలో పెద్దభాగము ఆ రేవునుండియే వచ్చినది.

నగరమునకును సముద్రమునకును మరియొక బంధము కూడ కలదు. అది మూసీనది. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టిన ఈ చిన్న నది పురానాపూల్ క్రిందుగా ప్రవహించి, తూర్పునకు సాగి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. అచ్చటినుండి ఆ నీరు కృష్ణానీరే. బెజవాడ దాటి, పులిగడ్డ వద్ద రెండుగా చీలి, దివిసీమను కౌగిలించుకొని సముద్రమున పడును. చార్మినారు చెంత కురిసిన వానచినుకు, దారిలో ఏ పైరును త్రాగివేయనిచో, కడకు హంసలదీవికి చేరవలసినదే.

పురానాపూల్ 1578 లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టబడినది. అప్పటికి హైదరాబాదు పుట్టలేదు. చార్మినారు కట్టబడినది 1591 లో. నగరముకంటె వంతెనయే పెద్దదన్నమాట. ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దిలో ఈ వంతెనను చూచి, పారిసు నగరములోని ప్రసిద్ధమైన క్రొత్త వంతెనకు ఇది అందములో ఇంచుమించు సాటి యని వ్రాసెను.

ఆ టావెర్నియే 1652 లో గోలకొండ రాజ్యమునకు సముద్రమార్గమున వచ్చెను. పారసీక తీరమున గోలకొండ సుల్తానుకు చెందిన పెద్ద ఓడ నెక్కి, మే నెలలో బయలుదేరి, జూలై మొదట మచిలీపట్టణమున దిగెను. ఆ ఓడ ఏటేట పారసీకమునకు సన్నని బట్టలను, అద్దకపు బట్టలను కొనిపోవునట్టిది. ఊరిని చూచి అతడు మెచ్చుకొనలేదు. ఇండ్లు కర్రతో కట్టినవనియు, వానిలో చూడదగినది ఏమియు లేదనియు వ్రాసెను. కాని ఓడలు నిలుచు తావును మాత్రము మిక్కిలి కొనియాడెను. బంగాళాఖాతమంతటిలో అంతకు మించినది లేదనియు, పెగూ, సయాము, అరకాను, సుమత్రా, మక్కా, హుర్ముజు మొదలగు చోట్లకు ఓడలు అచ్చటినుండియే పోవుననియు అతని సాక్ష్యము. రత్నాల వర్తకుని చూపు గోడలపై నిలువక లాభము దొరకు చోటనే నిలిచినది!

బందరు అను పేరును ఆ వర్తకమే తెచ్చినది. పారసీక భాషలో ‘బందర్’ అనగా ఓడరేవు. ఇంకను వెనుకకు పోయినచో, గ్రీకు భూగోళ గ్రంథములలో ఈ తీరము మైసోలియా యనియు, మసాలియా యనియు పేర్కొనబడినది. ఇచ్చటి సన్నని బట్టల ఖ్యాతి రెండువేల యేండ్ల క్రిందటనే మధ్యధరా సముద్రపు రేవులకు ప్రాకినది. కుతుబ్ షాహీల కాలమున ఆ ఖ్యాతి పరాకాష్ఠ నందెను. 1605 ప్రాంతమున డచ్చివారును, 1611 లో ఆంగ్లేయులును, 1669 లో ఫ్రెంచివారును ఇచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి. 1632 లో అబ్దుల్లా కుతుబ్ షా ఆంగ్లేయులకు తన రేవులలో వర్తకము చేసికొనుటకు ఒక ఫర్మానా నిచ్చెను. దానిని ‘బంగారు ఫర్మానా’ యందురు. అది ఎవరికి బంగారమైనదో తరువాతి చరిత్ర చెప్పినది.

బందరునుండి రాజధానికి దారి ఎద్దుల గిట్టలతో అరిగినది. నేటి రోడ్డు సుమారు 340 కిలోమీటర్లు. ఎడ్లమీద సరకులతో పోవువారికి అది వారముల తరబడి ప్రయాణము. నగరమును సమీపించిన బాటసారులకు తూర్పుదిక్కున హయాత్ నగరు ఎదురగును. అబ్దుల్లా తల్లి హయాత్ బక్షీ బేగము పేర వెలసిన ఊరది. అచ్చట మసీదును, దాని చుట్టు బాటసారులకొరకు గదులును, పెద్ద బావియు ఉన్నవి. రేవునుండి వచ్చిన వర్తకుడు ఆ గదులలో రాత్రి గడిపి, ఉదయమున ఎద్దులను తోలుకొని చార్మినారు బజారులకు చేరుచుండెను. పాతనగరమునకు తూర్పువాకిలి సముద్రమని చెప్పినను అతిశయోక్తి కాదు.

ఇంతకును ఆ మూటలలో ఉన్నదేమి? గోలకొండ వజ్రములను గూర్చి అందరికిని తెలియును. ఓడలను నింపినవి మాత్రము వజ్రములు కావు, బట్టలు. పిడికిట పట్టెడి వజ్రములతో ఓడ నిండదు గదా! ఆ బట్టల విశేషమంతయు వాని ఎరుపులో నుండెను. ఎన్ని మారులు ఉతికినను వెలియని ఎరుపు అది. ఆనాడు ఐరోపావారికి నూలుబట్టపై అట్టి రంగు వేయుట చేతకాలేదు.

ఆ ఎరుపు చిరివేరునుండి వచ్చును. చిరివేరు చిన్న మొక్క. తీరపు ఇసుకనేలలలో పెరుగును. మొక్కను చూచిన వాడెవ్వడును దానికి విలువ కట్టడు. విలువ అంతయు భూమిలోనికి దిగిన సన్నని వేరులో నున్నది. కృష్ణ ముఖద్వారము చుట్టుప్రక్కల లంకలలోను, తీరములందును, గవ్వల సున్నము కలిసిన ఇసుకలో పెరిగిన వేరు మేలైన రంగు నిచ్చునని ప్రసిద్ధి. అద్దకము పని ఓర్పుతో కూడినది. ముందుగా బట్టను కరక్కాయ కషాయములోను, గేదెపాలలోను నానవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగు ప్రక్కకు పాకకుండ కాపాడును. ఎరుపు రావలసిన చోట పటికనీటితో అచ్చు వేయుదురు. నలుపునకు ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసి తీసిన కసీము వాడుదురు. పిదప బట్టను వేరుతో కలిపి పెద్ద కాగులలో ఉడికింతురు. పటిక అంటిన తావునందే ఎరుపు పట్టును. తక్కిన చోట నిలువదు. అటుపిమ్మట పారుచున్న నీటిలో ఉతికి, ఎండలో ఆరవేయుదురు. ఇందులో ఒక్క మెట్టు తప్పినను బట్ట చెడును.

ఈ బట్టలు ఇంగ్లండులో ఎంత మోజు కలిగించెననగా, అచ్చటి నేతగాండ్రు తమ కూడు పోవుచున్నదని గోల చేసిరి. 1721 లో ఆ దేశపు శాసనసభ అద్దకపు నూలుబట్టలను కట్టుట నిషేధించెను. ఫ్రాన్సులో అట్టి నిషేధము 1686 లోనే వచ్చి, 1759 వరకు నిలిచెను. బందరు పల్లెలో ఒక అద్దకపువాడు కాగు క్రింద మంట పెట్టుటచేత లండనులో శాసనము పుట్టినదన్నమాట! కాని నిషేధము కంటె పెద్ద దెబ్బ తరువాత తగిలెను. చిరివేరులోని ఎరుపునకు మూలమైన అలిజరిన్ అను పదార్థమును 1868 లో జర్మనీ శాస్త్రజ్ఞులు తారునుండి కృత్రిమముగా తయారుచేసిరి. వేరు త్రవ్వువారికి క్రమముగా పని పోయెను. అద్దకము మాత్రము చావలేదు. బందరునకు చేరువనున్న పెడనలో నేటికిని టేకుకొయ్యపై చెక్కిన అచ్చులతో కలంకారీ బట్టలు తయారగుచున్నవి.

1687 లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. రేవు పలుచేతులు మారినది. 1750 లో ఫ్రెంచివారికి దక్కి, 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ముట్టడితో ఆంగ్లేయుల వశమాయెను. ఇక్కడ జరిగిన యుద్ధములను గూర్చి పుస్తకములు చాలనున్నవి. కాని బందరును నిజముగా ఓడించినది సైన్యము కాదు, నీరు. తీరము లోతులేనిది, పెద్ద ఓడలు దూరమున సముద్రములోనే లంగరు దించవలసి వచ్చెడిది. కృష్ణ తెచ్చిన ఒండ్రు ఏటేట మేట వేసెను. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపానులో సముద్రము ఊరిమీదికి పొంగి సుమారు 30,000 మంది ప్రాణములు తీసెను. బందరు మరల పూర్వపు స్థితికి రాలేదు. బందరుకోటలోని పాత గోడలును, డచ్చివారి సమాధులును ఆనాటి వైభవమునకు మిగిలిన గుర్తులు. ఆ సమాధుల రాళ్ళపై చెక్కిన అక్షరములు నేటికిని చదువవచ్చును.

ఓడలు పోయినను ఊరు ఊరకుండలేదు. 1902 లో కృష్ణాపత్రిక, 1910 లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923 లో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రాబ్యాంకు ఇచ్చటనే పుట్టినవి. 2023 లో క్రొత్త ఓడరేవు నిర్మాణమును ఆరంభించిరి.

బందరునుండి దక్షిణముగా కొంతదూరము పోయి, కృష్ణపాయను దాటినచో దివిసీమ. రెండు ప్రక్కల ఏరు, మూడవ ప్రక్క సముద్రము. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇచ్చటి ప్రధానమైన ఊళ్ళు. పులిగడ్డ వద్ద ఏటిమీద కట్టిన అక్విడక్టుపై కాలువనీరు దివికి చేరుచున్నది. క్రింద నది, పైన కాలువ. అది చూడవలసిన వింత. దానినుండియే ఇక్కడి వరిపొలములకు బ్రదుకు. బందరులోవలె ఇచ్చట కోటలు లేవు, వర్తకశాలలు లేవు. పొలముగట్లపై తాడిచెట్లు, కాలువగట్ల వెంట గుడిసెలు, తీరమున మడ అడవులు. ఆ అడవులలో నీటిపిల్లి చీకటివేళ చేపలు పట్టుకొనును. శీతకాలము చివర సముద్రపు తాబేళ్ళు ఇసుకతీరములకు వచ్చి, గుంటలు త్రవ్వి గ్రుడ్లుపెట్టి, తిరిగి నీటిలోనికి పోవును. నాగాయలంకకు ఆవల ఎదురుమొండి మొదలగు చిన్నలంకలు ఉన్నవి. చాలకాలము వానికి పంటుపైననే రాకపోకలు. అచ్చటి బాలురు బడికి పోవుటకు ముందు ఏటి పోటుపాటులను నేర్చికొనిరి.

ఈ నెమ్మది నేల 1977 నవంబరు 19 న ఎరుగరాని రాత్రిని చూచినది. తుపానుగాలికి లేచిన కెరటము తాడిచెట్టంత యెత్తున వచ్చినదని బ్రతికినవారు చెప్పుదురు. సముద్రము కిలోమీటర్ల కొలది లోపలికి చొచ్చెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే పదివేలకు దగ్గరగా జనులు మరణించిరి. వారిలో అత్యధికులు దివివారు. పశువులకు లెక్క లేదు. తాడిచెట్ల మొవ్వులను పట్టుకొని కొందరు బ్రతికిరి. అవనిగడ్డ ప్రాంతపు నాయకుడు మండలి వెంకట కృష్ణారావుగారు బాధితుల నాదుకొనుటలో పేరొందిరి. పిమ్మట తీరగ్రామములలో తుపాను ఆశ్రయ భవనములు కట్టబడినవి. ఎత్తైన స్తంభములపై నిలిచిన ఆ భవనములు, ఉప్పునేలలో నాలుగడుగులు వేసినవానికి దూరమునుండియే కనబడును.

ఇక్కడ పాతనగరమును మరల తలపక తప్పదు. 1908 సెప్టెంబరు 28 న మూసీ పొంగి హైదరాబాదులో సుమారు 15,000 మందిని తీసికొనిపోయెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్న చింతచెట్టు కొమ్మలపై నూట ఏబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఎగువన చింతచెట్టు, దిగువన తాడిచెట్టు. ఆ ఉపద్రవము తరువాత మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీకిని దాని ఉపనదికిని అడ్డముగా జలాశయములు నిర్మింపబడెను. 1920 లో ఉస్మాన్ సాగరు, 1927 లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. నగరమునకు త్రాగునీరు దొరకినది. వరద భయమును కొంత తగ్గినది.

దివిసీమ కొసన హంసలదీవి కలదు. అచ్చటి వేణుగోపాలస్వామి దేవాలయము ప్రాచీనమైనది. కృష్ణలో మునిగిన కాకి హంసయై లేచినదని స్థలపురాణము. ఊరికి ఆ పేరు అందుచేతనే వచ్చినదందురు. మాఘపూర్ణిమనాడు వేలకొలది జనులు సాగరసంగమమున స్నానము చేయుటకు వచ్చుదురు. తక్కిన దినములలో ఆ తీరమున జాలరులు తప్ప జనము ఎక్కువ కనబడరు. దేవాలయమునుండి సంగమస్థానమునకు ఇసుకదారి. నది అచ్చట తొందరపడదు. గోధుమవన్నె నీరు వెడల్పై, నెమ్మదించి, సముద్రపు నీలమును తాకిన చోట ఒక సన్నని గీత ఏర్పడును. పోటు వచ్చినపుడు ఆ గీత లోపలికి జరుగును. పాటు వచ్చినపుడు సముద్రము వైపునకు పోవును. జాలరులు పడవలను ఒడ్డునకు లాగి, వలలు చిక్కులు తీసికొనుచు, ఆ గీత ఎటు కదలునో చూచుచుందురు. అది సముద్రము వైపునకు జరుగగనే పడవలను నీటిలోనికి త్రోయుదురు.