పప్పు ఉండల పులుసు: కోలుకుంటున్న వారికి మెత్తని, బలమైన భోజనం



మీ ఇంటివారు జబ్బుపడి వార్డులో ఉన్నప్పుడు మీరు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న, "సిస్టరమ్మా, ఏం పెట్టమంటారు?" అనే. మందు డాక్టరుగారు రాస్తారు, ఇంజెక్షను మేము వేస్తాము. అన్నం మాత్రం మీ చేతిలోనే ఉంది. అందుకే ఈ పాఠంలో మన చిత్తూరు వైపు ఇళ్ళలో అందరికీ తెలిసిన పప్పు ఉండల పులుసును రోగికి తగినట్టు ఎలా చేయాలో తెలుసుకుందాం.

పప్పు తింటే చీము పడుతుందా?

ఒకసారి పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు కడుపు ఆపరేషను అయ్యింది. డాక్టరుగారు మామూలు భోజనం పెట్టమని చెప్పి వారం దాటినా, ఆయన భార్య గంజి, బన్ను తప్ప ఏమీ పెట్టలేదు. కారణం అడిగితే, "పప్పు పెడితే కుట్లు చీము పడతాయని మా అత్త చెప్పింది సిస్టరమ్మా" అంది. ఆమె ప్రేమలో లోపమేమీ లేదు. భర్తకు హాని జరగకూడదనే ఆమె భయమంతా. అయితే ఆ భయం వల్లనే ఆయన రోజురోజుకూ నీరసించిపోతున్నాడు.

చీము పప్పు వల్ల పట్టదు. గాయంలో సూక్ష్మక్రిములు చేరడం వల్ల పడుతుంది. మురికి చేతులతో కట్టును తాకడం, కట్టు తడవడం, షుగరు అదుపులో లేకపోవడం వంటివి దానికి దారి తీస్తాయి. పుండు మానాలంటే కొత్త కండ, కొత్త చర్మం రావాలి. వాటిని కట్టడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. ఇల్లు కట్టేవాడికి ఇటుకలు ఇవ్వకుండా నీళ్ళు మాత్రమే ఇస్తే గోడ లేస్తుందా? ఉత్త గంజి కూడా అంతే.

ఈ వంటే ఎందుకు?

100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కింద చెప్పిన కొలతతో చేస్తే నలుగురిలో ఒక్కొక్కరికి సుమారు 8 గ్రాములు అందుతాయి. ఇది ఒక కోడిగుడ్డులో ఉన్నదాని కంటే కొంచెం ఎక్కువే. ఆవిరి మీద ఉడికిన ఉండ మెత్తగా ఉంటుంది, నూనె తక్కువ. నోరు చప్పబడిన రోగికి పులుసు రుచి ఆకలి పుట్టిస్తుంది.

కావలసినవి (నలుగురికి)

- కందిపప్పు 100 గ్రాములు, శనగపప్పు 50 గ్రాములు
- ఎర్రగడ్డ చిన్నది 1, టమాటాలు 2
- ఎండుమిరపకాయలు 2 (రోగికైతే ఒకటి చాలు)
- చింతపండు చిన్న ఉసిరికాయంత
- జీలకర్ర, ఆవాలు, పసుపు, ధనియాల పొడి
- తెల్లగడ్డ 4 రెబ్బలు, కరివేపాకు, కొత్తిమీర
- నూనె 2 చెంచాలు, తగినంత ఉప్పు
- దొరికితే గుప్పెడు మునగాకు

చేసే విధానం

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. పప్పులు కడిగి 2 గంటలు నానబెట్టండి.

2. నీళ్ళు పూర్తిగా వడకట్టి, మిరపకాయ, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బండి. నీళ్ళు పోయవద్దు. పిండి జారుగా అయితే ఉండ నిలవదు. రోగికి కాబట్టి వడల పిండి కంటే కొంచెం మెత్తగా రుబ్బండి.

3. ఒక చెంచా పిండి పక్కన పెట్టుకోండి. మిగిలిన దానిలో సన్నగా తరిగిన ఎర్రగడ్డ, మునగాకు, పసుపు కలిపి చిన్న నిమ్మకాయంత ఉండలు చేయండి. సుమారు 16 వస్తాయి.

4. ఇడ్లీ పాత్రలో 12 నుంచి 15 నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటుకోకూడదు. పచ్చి ఉండలను నేరుగా పులుసులో వేస్తే విడిపోయే అవకాశం ఉంది. ఆవిరి పట్టిన ఉండలు విడిపోవు.

5. వేరే గిన్నెలో నూనె కాచి ఆవాలు, తెల్లగడ్డ, కరివేపాకుతో తిరగవాత వేయండి. టమాటా ముక్కలు మగ్గాక చింతపండు రసం, 4 గ్లాసుల నీళ్ళు, పసుపు, ధనియాల పొడి, ఉప్పు వేసి 10 నిమిషాలు మరగనివ్వండి.

6. పక్కన పెట్టిన చెంచా పిండిని నీళ్ళలో కలిపి పోయండి. పులుసు కొంచెం చిక్కబడుతుంది. ఉండలు వేసి సన్నటి మంట మీద 5 నిమిషాలు ఉంచి, కొత్తిమీర చల్లి దించండి.

ఇంట్లో వారు సంగటితోనో అన్నంతోనో తినవచ్చు. రోగికి రెండు ఉండలను పులుసులోనే చిదిపి, మెత్తని అన్నంలో కలిపి పెట్టండి. ఒకేసారి ఎక్కువ పెట్టకుండా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. భోజనం కాగానే కాఫీ, టీ ఇవ్వకండి. పప్పులోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి.

ఎవరికి పెట్టకూడదు?

- ఆపరేషను తర్వాత డాక్టరు "నోటితో ఇవ్వవచ్చు" అనేవరకు ఏమీ పెట్టకండి. నీళ్ళు మాత్రమే అంటే నీళ్ళే.
- మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు, టమాటా, ఉప్పు ఎంత అనేది డాక్టరు చెప్పాలి. సొంతంగా పెట్టవద్దు.
- బి.పి., గుండె జబ్బు ఉన్నవారికి ఉప్పు తగ్గించండి. పక్కన ఊరగాయ వద్దు.
- పక్షవాతం వచ్చినవారు సరిగా మింగలేకపోతే ఉండ గొంతుకు అడ్డం పడవచ్చు. ముందు మమ్మల్ని అడగండి. తినగలిగినవారినైనా కూర్చోబెట్టే పెట్టండి. తర్వాత అరగంట పడుకోనివ్వకండి.

ఇంటి నుంచి తెచ్చే పులుసును మన తిరుపతి ఎండల్లో 2 గంటలకు మించి బయట ఉంచవద్దు. మళ్ళీ పెట్టేముందు బాగా మరిగించండి. రాత్రి మిగిలినది ఉదయం రోగికి పెట్టవద్దు.

క్షయ రోగుల కుటుంబాలకు ఒక మాట

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలు కలిసి నడిపిన క్షయ ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోల్లర్ అక్కడ ఎన్నో ఏళ్ళు సేవ చేశారు. ఆ తొలి రోజుల్లో క్షయకు పనిచేసే మందులే లేవు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే వైద్యం. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నాకే పరిస్థితి మారింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, ఇంటి వద్దే ఉండి మందులు సరిగా వాడినవారు శానిటోరియంలో ఉన్నవారిలాగే కోలుకున్నారని తేలింది. కాబట్టి తిండి ఎంత మంచిదైనా మాత్రలకు బదులు కాదు. ఒంట్లో బాగుందని మధ్యలో మాత్రలు ఆపవద్దు.

అలాగని తిండిని తేలికగా తీసుకోవద్దు. జార్ఖండ్‌లో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, రోగి కుటుంబ సభ్యులకు అదనపు ఆహారం ఇచ్చినప్పుడు వారిలో కొత్తగా క్షయ రావడం సుమారు 39 శాతం తగ్గింది. అంటే ఈ పులుసు రోగికే కాదు, పక్కనున్న మీకు, పిల్లలకు కూడా. క్షయ రోగి పోషణకు ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబరు నుంచి దానిని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బు రోగి తిండికే వాడండి.

చివరిగా

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తెను ప్రభువు బ్రతికించిన సంగతి ఉంది. అంత గొప్ప అద్భుతం చేసిన తర్వాత కూడా, ఆ చిన్నదానికి తినడానికి ఏమైనా పెట్టమని ఇంటివారితో చెప్పడం ఆయన మరచిపోలేదు. స్వస్థత ఆయనది, పెట్టే చేయి మనది.

పుంగనూరు పెద్దాయన భార్య ఆ మరుసటి రోజు డబ్బాలో ఈ పులుసే తెచ్చింది. భయపడుతూనే ఒక ఉండ చిదిపి పెట్టింది. ఆయన తిని, "ఇంకోటి ఉందా?" అన్నాడు.

మీకు ఏ సందేహం ఉన్నా, పథ్యం పేరుతో ఏదైనా మానేసే ముందు, వార్డులో సిస్టరును ఒక్క మాట అడగండి.