అతుకులోని ఉక్కు

పిల్లలూ! ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా నడిచేటప్పుడు దుకాణాల షట్టర్లను, చాళ్ల కటకటాలను ఒకసారి పరీక్షగా చూడండి. రెండు కడ్డీలు కలిసినచోట ఉబ్బెత్తుగా ఒక గీత కనిపిస్తుంది. అదే వెల్డింగు అతుకు. అది ఎంత గట్టిదో పైకి చూసి చెప్పలేము.

వెల్డింగు చేసేటప్పుడు ఉక్కు సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పక్కనున్న ఉక్కు కరగదు. కాని సుమారు 727 డిగ్రీలు దాటగానే దానిలోని పరమాణువుల అమరిక మారడం మొదలవుతుంది. ఆ కొత్త రూపం ఆస్టెనైట్. అసలు సంగతి చల్లారేటప్పుడు తేలుతుంది. నిదానంగా చల్లారితే మెత్తని ఫెర్రైట్, దానితో పియర్లైట్ ఏర్పడతాయి. గబుక్కున చల్లారితే మార్టెన్సైట్ వస్తుంది. అది చాలా గట్టిది, కాని పెళుసు. కమ్మరి ఎర్రగా కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచేది ఈ గట్టిదనం కోసమే. కొడవలికి మేలు చేసేదే ఓడ అతుకుకు కీడు కావచ్చు. మందమైన పలక వేడిని త్వరగా లాగేస్తుంది. అందుకే దానిని ముందుగా వేడిచేసి, తరువాత అతుకుతారు.

కటకటం విరిగితే మళ్లీ అతికించుకోవచ్చు. ఓడ విరిగితే? కామాఠీపురానికి తూర్పున మజగావ్ డాక్ ఉంది. అక్కడ కట్టిన 'ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం' 2021 నవంబరు 21న నౌకాదళంలో చేరింది. దాని ఉక్కు పేరు డి.ఎం.ఆర్. 249ఎ. దానిని రూపొందించినది హైదరాబాదులోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల. పేరు మన ఊరిది, ఉక్కు పుట్టినది మన హైదరాబాదులో, అతికిన చేతులు ముంబయివి! అంతటి ఓడలో ప్రతి అతుకునూ కోసి సూక్ష్మదర్శినితో చూడలేము గదా. ఉక్కు ఏ రూపం దాలుస్తుందో ముందే అంచనా వేయాలి.

అరిసెల పాకం పట్టే అవ్వను చూడండి. ఆమె ఏ సూత్రమూ చదవలేదు. ఎన్నో పండుగల పాకాలు చూసి, ఎప్పుడు దించాలో నేర్చింది. కంప్యూటరూ అంతే. ఉక్కులో కర్బనం, మాంగనీసు, నికెల్ ఎంతెంత ఉన్నాయి, ఎంత వేగంగా చల్లారింది, చివరికి ఏమైంది అనే పాత పరీక్షల ఫలితాలను దానికి ఇస్తారు. వాటిలోని పొందికను అది పట్టుకొంటుంది. దీనినే యంత్ర అభ్యసనం అంటారు. 1995లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు భదేషియా, మెకే మరొకరితో కలిసి అతుకుల దృఢత్వాన్ని ఈ పద్ధతిలో లెక్కగట్టారు. 2002లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు మార్టెన్సైట్ ఏ ఉష్ణోగ్రత వద్ద పుడుతుందో ఇలాగే అంచనా వేశారు.

ఈ లెక్కలలో మెచ్చుకోదగిన గుణం ఒకటుంది. అంచనాతోపాటు అది ఎంత తప్పవచ్చునో కూడా యంత్రం చెబుతుంది. ఎన్నడూ చూడని రకం ఉక్కును ఇస్తే ఆ తేడా పెరుగుతుంది. బెల్లం మారితే అవ్వ కూడా పాకాన్ని ఒక చుక్క నీళ్లలో వేసి చూసుకొంటుంది. అటువంటప్పుడు ఇంజనీరు చిన్న ముక్కను అతికించి, కోసి చూసిన తరువాతే ఓడ పలకను ముట్టుకొంటాడు.