అమృతం – అమృతం ద్వితీయం: ఒక తులనాత్మక పరిశీలన

ఒక రచన లోకాదరణ పొందిన పిమ్మట దానికి రెండవ భాగం వెలువడడం సాహిత్యంలో గాని, నాటకరంగంలో గాని క్రొత్త విషయం కాదు. ఆ రెండవ భాగం మొదటి దానికి సాటి రాలేదని పెదవి విరవడమూ అంతే పాత విషయం. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమైనది? హాస్య రచనను రెండవ మారు కొనసాగించడంలో గల కష్టమేమి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి మన విద్యార్థులందరికీ పరిచితమైన ఒక తెలుగు హాస్య ధారావాహికను ఈ వ్యాసంలో ఉదాహరణగా గ్రహించినాము. అది 'అమృతం'. దాని కొనసాగింపు 'అమృతం ద్వితీయం'.

టెలివిజన్ వినోదంపై అధ్యయన వ్యాసమెందుకని కొందరు పెద్దలు శంకింపవచ్చును. మన కళాశాలల వార్షికోత్సవాలలో ప్రదర్శింపబడే హాస్య నాటికలు నేడు ఈ ధారావాహికల నుండియే ఊపిరి పోసుకొంటున్నవి. విద్యార్థి దేనిని చూచి నవ్వుతున్నాడో, ఎవరిని చూచి నవ్వుతున్నాడో అధ్యాపకుడు పట్టించుకొనక తప్పదు. కనుక ఈ విషయం తరగతి గదికి వెలుపలిది కాదని మా నమ్మకం.

ముందుగా ఈ ప్రక్రియ స్వరూపాన్ని గూర్చి రెండు మాటలు. పాశ్చాత్యులు దీనిని సిట్యుయేషన్ కామెడీ అని, సంక్షేపంగా సిట్‌కామ్ అని అంటారు. స్థలం ఒక్కటే, పాత్రలు కొద్దిమంది. ప్రతి వారం ఒక చిక్కుముడి పడుతుంది, ఆ వారమే విడిపోతుంది. చివరకు అందరూ బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు. ఎవరికీ ఐశ్వర్యం రాదు. ఎవరికీ బుద్ధి రాదు. నవలలో పాత్ర మారాలి. ఇందులో పాత్ర మారకుండుటయే నియమం. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. మన చర్చ అంతా దీనిపైననే ఆధారపడి ఉన్నది.

గుణ్ణం గంగరాజు రూపకల్పన చేసిన 'అమృతం' 2001 నవంబరు 18న జెమిని టెలివిజన్‌లో ప్రారంభమై, 2007 నవంబరు వరకు ఆదివారాలలో ప్రసారమైనది. మూడు వందలకు పైబడిన భాగాలు వెలువడినవి. శీర్షిక గీతాన్ని సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచినారు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు, వారి భార్యలు సంజీవని, శాంత, ఇంటి యజమాని అప్పాజీ, 'అమృత విలాస్' అనే హోటలు, అందులో పనిచేసే సర్వం – స్థూలంగా ఇదే ఆ లోకం. త్వరగా ధనవంతులు కావాలని మిత్రులిద్దరూ ఒక ఉపాయం పన్నుతారు, అది తలక్రిందులవుతుంది.

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆత్మస్థమనీ, పరస్థమనీ రెండు విధాలుగా విభజించినాడు. తాను నవ్వడం ఆత్మస్థం. ఇతరులను నవ్వించడం పరస్థం. ఈ విభాగాన్ని మనం కొంత విస్తరించి, తన్ను తాను చూచుకొని నవ్వడం, ఇతరుని చూచి నవ్వడం అని గ్రహించినచో 'అమృతం' బలమెక్కడున్నదో తెలుస్తుంది. అద్దె, అప్పు, అత్యాశ – ఈ మూడింటి నడుమ నలిగే మధ్యతరగతి గృహస్థు ఆ ఇద్దరు మిత్రులలో తన్నే చూచుకొన్నాడు. అక్కడ నవ్వుకు గురి అయినది మనిషి బలహీనతయే గాని అతని కులం కాదు, మతం కాదు.

కథకు హోటలును కేంద్రంగా ఎన్నుకొనడం కూడ ఆలోచించి చేసిన పనియే. దీనిని గ్రహించడానికి మన ఆదోని, ఎమ్మిగనూరులే చాలును. ఉదయం వేళ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కొరకు హోటలు బల్ల ముందు కూర్చున్నవారిని గమనించండి. పత్తి అమ్మకానికి వచ్చిన రైతు, మగ్గం దిగి వచ్చిన నేతగాడు, మార్కెట్ హమాలీ, బడిపంతులు ఒకే బల్ల దగ్గర చేరుతారు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. పరస్పర సంబంధం లేని మనుషులను ఏ కారణమూ చెప్పకుండ ఒక చోట చేర్చగల స్థలం హోటలు. ఎన్ని వారాలైనా క్రొత్త చిక్కు దానంతట అదే తలుపు తీసుకొని లోపలికి వస్తుంది. అద్దె ఇల్లు దీనికి వ్యతిరేకం. అక్కడ తప్పించుకొనడానికి వీలులేని మనిషి ఒకడుంటాడు. అతడే ఇంటి యజమాని. ఎవరైనా రాదగిన చోటు ఒకటి, ఎవరూ తప్పించుకోలేని చోటు ఒకటి – ఈ రెండు గుంజల మధ్య కట్టిన ఉయ్యాల 'అమృతం'.

ఇక ద్వితీయ భాగం. అది 2020 మార్చి 25న, ఉగాది నాడు, జీ5 అనే అంతర్జాల వేదికపై ప్రారంభమైనది. కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన దినం కూడ అదే. మొదటి భాగం చివరి కాలంలో అమృతరావు పాత్ర ధరించిన హర్షవర్ధన్, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి తిరిగి వచ్చినారు. ఆంజనేయులు పాత్రధారి గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో దివంగతులైనందున ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ స్వీకరించినారు.

ఇచ్చట ఒక విశేషం పరిశీలింపదగి ఉన్నది. మొదటి భాగంలో అమృతరావు పాత్రను ఒకరి తరువాత ఒకరుగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ధరించినారు. కథానాయక పాత్రధారి రెండు మార్లు మారినను ధారావాహిక చెక్కు చెదరలేదు. కాగా ఆంజనేయులు మాత్రం మొదటినుండి చివరివరకు గుండు హనుమంతరావే. పేరు అమృతానిది, ఇరుసు ఆంజనేయులుది. శీర్షిక గీతం కూడ ఆంజనేయులునే సంబోధిస్తుందన్న సంగతి మరువరాదు. ఉపాయం పన్నేవాడు ఎవడైనా కావచ్చును. ఆ ఉపాయాన్ని అమాయకంగా నమ్మేవాడు లేనిచో హాస్యం పుట్టదు. హనుమంతరావు ముఖంలోని నిశ్చలమైన అమాయకత్వం ఆ పని చేసినది. ఎల్.బి. శ్రీరామ్ గొప్ప నటుడు, రచయిత కూడ. అయితే ఆయన హాస్యం మాట విరుపులో, గొంతు ఎత్తుపల్లాలలో ఉన్నది. అది వేరొక వాద్యం. వాద్యం మారినప్పుడు బాణీ కూడ మారాలి. మారకుండ పాత బాణీనే వాయించబోయిన చోట్ల వెలితి కనిపించినదని మా అభిప్రాయం. దీనిని నటుని లోపంగా ఎంచరాదు.

అంతకంటె ముఖ్యమైనది కాలం. రెండు భాగాల నడుమ పన్నెండేండ్లకు పైగా గడచినవి. వారం వారం చూచినంతకాలం పాత్రలకు వయస్సు వస్తున్నదని మనకు తోచదు. అంత కాలం తరువాత ఒక్కసారి చూచినప్పుడు ప్రతి ముడుత కనిపిస్తుంది. యువకుని అత్యాశ నవ్వు పుట్టిస్తుంది. ముందు ఎంతో జీవితమున్నది కనుక అతని ఓటమి ఓటమిగా తోచదు. నడివయస్సు దాటినవాడు అదే ఆశతో అదే గోతిలో పడితే నవ్వుతో పాటు జాలి కలుగుతుంది. హాస్యానికి కరుణ ప్రక్కింటి చుట్టమే. పాత్ర మారరాదన్న నియమం ఇచ్చట రచయితకు పరీక్షయైనది. ఆ జాలిని కథలోనికి ఆహ్వానించడం ఒక మార్గం. దానిని కానట్లు నటించి పాత నవ్వునే కోరడం మరొక మార్గం. 'అమృతం ద్వితీయం' ఎక్కువగా రెండవ మార్గాన్ని అనుసరించినదని మాకు తోచినది.

అయితే ప్రేక్షకుని పక్షపాతాన్ని కూడ చెప్పక తప్పదు. మొదటి భాగంలోని మూడు వందల కథలలో మనకు గుర్తున్నవి ఇరవయ్యో ముప్పయ్యో. చప్పగా ఉన్న వాటిని జ్ఞాపకం ఎప్పుడో జల్లెడ పట్టి పారవేసినది. రెండవ భాగంలోని ప్రతి కథను మాత్రం మనం ఉన్నదున్నట్లుగా చూస్తున్నాము. జల్లెడ పట్టిన ధాన్యంతో కళ్ళంలోని రాశిని పోల్చి, ఇందులో తాలు ఉన్నదనడం సరియైన తూకం కాదు. పైగా మొదటి దానిని కుటుంబమంతా ఒక గదిలో కూర్చొని చూచినారు. తండ్రి నవ్వితే పిల్లలు నవ్వినారు. రెండవ దానిని చాలమంది సెల్‌ఫోనులో ఒంటరిగా చూచినారు. నవ్వు ఒకరినుండి ఒకరికి అంటుకొనేది. ఒంటరిగా ఉన్నప్పుడు దాని వేడి తగ్గుతుంది. రెండింటినీ ఒకే సెల్‌ఫోనులో చూచే నేటి విద్యార్థులే ఈ విషయంలో పెద్దలకంటె నిష్పక్షపాతులైన తీర్పరులు.

ఇతర సాహిత్యాలలో ఈ సమస్య ఎట్లా పరిష్కరింపబడినదో చూద్దాము. ఉర్దూ విద్యార్థులకు ఇమ్తియాజ్ అలీ తాజ్ వ్రాసిన చచా ఛక్కన్ కథలు సుపరిచితములు. గోడకు పటం తగిలించబోయి ఇల్లంతా అల్లకల్లోలం చేసే ఆ చచాకు మూలం, జెరోమ్ కె. జెరోమ్ అనే ఆంగ్ల రచయిత 1889లో ప్రచురించిన 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' లోని అంకుల్ పోడ్జర్. అందులోని మిత్రులు ముగ్గురినే జెరోమ్ 1900లో సైకిళ్ళపై జర్మనీకి పంపి 'త్రీ మెన్ ఆన్ ద బమ్మెల్' వ్రాసినాడు. మనుషులు వారే, హాస్యం అదే. కాని మొదటి పుస్తకంలో విడివిడి ముచ్చట్లను ఒక దారంగా కూర్చిన థేమ్స్ నది ఇందులో లేదు. అందుకే అది మొదటి దానంత నిలువలేదని విమర్శకులు చెబుతారు. అమృతం విషయంలోనూ ఇట్టి ప్రయత్నం ఒకటి జరిగినది. 2014లో గంగరాజు 'చందమామలో అమృతం' అనే చలనచిత్రం తీసి, హోటలును చంద్రునిపై నెలకొల్పినారు. అప్పాజీ, సర్వం పాత్రధారులు వారే. కాని ఆ వీధి లేదు, ఆ వాకిలి లేదు. ఆ గుంజలు లేని చోట ఉయ్యాల ఊగదు.

దీనికి ప్రతిగా 'కన్యాశుల్కము' ను తలచుకోవాలి. గురజాడ అప్పారావు ఆ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. 1909లో ఆయన దానిని సంపూర్ణంగా తిరగవ్రాసి ప్రకటించినారు. మొదటి కూర్పులో చిన్నదిగా ఉన్న మధురవాణి పాత్ర రెండవ కూర్పులో నాటకానికే వెలుగైనది. నేడు మనం చదివేది, ఆడేది ఆ రెండవ కూర్పునే. మొదటి దాని నవ్వును మరల రాబట్టడానికి గురజాడ కూర్చోలేదు. మొదటిసారి తాను పూర్తిగా వినిపించుకొనని ఒక మనిషి మాటను రెండవసారి విన్నారు.

కొరియా దేశంలో మరొక పద్ధతి కనిపిస్తుంది. దర్శకుడు కిమ్ బ్యుంగ్-వుక్ 2006లో ఎం.బి.సి. టెలివిజన్‌కు 'అన్‌స్టాపబుల్ హై కిక్' అనే సిట్‌కామ్ తీసినాడు. 2009లో 'హై కిక్ త్రూ ద రూఫ్' పేర దానికి రెండవ భాగం వచ్చినది. ఇంటిపెద్దగా నటించిన లీ సూన్-జే రెండింటిలోనూ ఉన్నాడు గాని, కుటుంబం వేరు, కథ వేరు. కొండ ప్రాంతం నుండి నగరానికి వచ్చి, ఆ సంపన్న గృహంలో పనిమనిషిగా కుదిరిన యువతి, ఆమె చెల్లెలు ఈ కథకు హృదయం. మునుపటి నవ్వును దర్శకుడు వదలుకొనలేదు. ఆ నవ్వు వినిపించే ఇంటికి వంటింటి వైపు నుండి ఒక క్రొత్త తలుపు తెరచినాడు.

ఈ ఉదాహరణలన్నింటివలన తేలేది ఒక్కటే. ద్వితీయ భాగం పాత మనుషులను తేవడం వలన గాని, పాత స్థలాన్ని తేవడం వలన గాని నిలువదు. పాత లోకాన్ని ఒక క్రొత్త ప్రశ్న అడిగినప్పుడే నిలుస్తుంది. వయస్సు మళ్ళిన అమృతరావు ఇంకను అద్దె ఇంటిలోనే ఎందుకున్నాడు? ఈ ప్రశ్నలో నవ్వు లేకపోలేదు. ఇంతకుముందు లేని లోతు కూడ ఉన్నది.

ఇక మన విద్యార్థులకు ఒక మాట. గత సంవత్సరం చప్పట్లు కొట్టించుకొన్న నాటికనే పేర్లు మార్చి మరల ఆడడం కళాశాలలలో తరచుగా జరిగే పని. అంతకంటె విచారకరమైనది మరొకటి ఉన్నది. హాస్యం పండాలంటే సినిమా భాషయే కావాలని, మన పడమటి ప్రాంతపు మాటను ఎగతాళికి మాత్రమే వాడాలని కొందరు భావిస్తున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లున్నది ఈ వైఖరి. గుల్బర్గాలో నివసించిన సులేమాన్ ఖతీబ్, మన ఇండ్లలో వినిపించే దక్కనీలోనే హాస్య కవిత్వం వ్రాసి సభలను నవ్వించినారు. నవ్వినవారి కన్నులను చెమర్చజేసినారు. దక్కనీకి సాధ్యమైనది కన్నడం, ఉర్దూ కలిసిన మన తెలుగుకు ఎందుకు సాధ్యం కాదు?

కనుక వచ్చే వార్షికోత్సవానికి నాటిక వ్రాయదలచినవారు మన ఉగ్గాని హోటలునే రంగస్థలంగా గ్రహించవచ్చును. మార్కెట్‌లో పత్తి ధర కొరకు ఎదురుచూచే రైతు, కూలి లెక్క చూచుకొనే నేతగాడు, పట్నంలో ఉద్యోగం దొరకక తిరిగి వచ్చిన పట్టభద్రుడు పాత్రలుగా సిద్ధంగానే ఉన్నారు. వారి తప్పులకు నవ్వండి. వారి యాసకు, వారి లేమికి నవ్వవద్దు. మరుసటి సంవత్సరం అదే బల్ల దగ్గరకు మరల వచ్చినప్పుడు, నిరుడు జనం ఎక్కడ నవ్వినారని అడుగవద్దు. ఈ సంవత్సర కాలంలో ఆ మనుషులకు ఏమి జరిగినదని అడిగి, అక్కడినుండి వ్రాయడం మొదలుపెట్టండి.