సరుకు చేరవేసే చిన్న బండి: కొనే ముందు వేయవలసిన లెక్క

బెంగళూరులో కలాసిపాళ్యం కూరగాయల మార్కెట్టు నుండి పేటలకు, చిక్‌పేట బట్టల అంగళ్ల నుండి శివారు దుకాణాలకు, గిడ్డంగుల నుండి ఇంటింటికీ సరుకు చేరవేసే పనిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరి కుటుంబాలు తరాలుగా ఈ నగరంలోనే స్థిరపడ్డాయి. కొందరు అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుండి నిన్నమొన్న వచ్చినవారు. జీతానికి బండి తోలే మనిషి ఎప్పటికైనా సొంత బండి కొనుక్కోవాలని ఆశించడం సహజం. అందుకు పెట్టే మొదటి సొమ్ము సాధారణంగా కుదువపెట్టిన నగలదో, పాడిన చీటీదో, ఊళ్లో అమ్మిన పశువులదో అయి ఉంటుంది. ఎంపికలో పొరపాటు జరిగితే నష్టపోయేది బండి ఒక్కటే కాదు, ఆ సొమ్ము వెనుక ఉన్న కుటుంబం కూడా.

కొనేవారు సామాన్యంగా రెండు ప్రశ్నలు అడుగుతారు: ధర ఎంత, మైలేజీ ఎంత. ఈ రెండూ అవసరమే గాని, ఇవి మాత్రమే చాలవు. బాడిగ వచ్చే ప్రతి కిలోమీటరుకు బండి ఎంత ఖర్చు తెస్తుంది, ఆ పనికి చట్టం దానిని అనుమతిస్తుందా అన్నవి అసలు ప్రశ్నలు. వీటికి జవాబు కనుగొనే పద్ధతిని ఈ పాఠం వివరిస్తుంది.

1. ముందు పని, తరువాత బండి

బండిని చూడబోయే ముందు చేతిలో ఉన్న పనిని కాగితం మీద రాసుకోవాలి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరగాలి? అందులో సరుకుతో తిరిగేది ఎంత, ఖాళీగా వచ్చేది ఎంత? ఒక విడత బరువు ఎంత? సరుకు తడవకూడనిదా? దించే చోటు వెడల్పు రోడ్డా, ఇరుకు సందా?

సరుకుల్లో బరువైనవి కొన్ని, చోటు ఆక్రమించేవి కొన్ని. 50 కిలోల ఉల్లిగడ్డల బస్తాలు 12 వేస్తే 600 కిలోలు అవుతాయి. నిండిన 20 లీటర్ల నీటి క్యాన్లు 30 వేసినా, క్యాన్ల బరువు కాక నీరే 600 కిలోలు. ఇంటింటికీ పంచే పార్సిళ్లు మాత్రం 200 కిలోలు కాకముందే బండిని నింపేస్తాయి. మొదటి రకం పనికి బరువు మోసే తెరిచిన తొట్టి బండి తగినది. రెండవ రకానికి పైకప్పు, తాళం ఉన్న మూసిన వ్యాను మేలు.

2005లో వచ్చిన టాటా ఏస్‌ను జనం ‘చోటా హాథీ’ అని పిలుచుకొన్నారు. ఆ తరగతి తొట్టి బండ్లు మార్కెట్టు సరుకుకు అలవాటైనవి. మూసిన వ్యానుగా చాలా కాలం పనిచేసిన మారుతి ఓమ్ని ఉత్పత్తి 2019లో ఆగిపోయింది. వెనుక సీట్లు లేని ఈకో కార్గో వంటి వ్యాన్లు ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. ఇరుకు సందుల్లో కొద్దిపాటి సరుకు దించేవారికి మూడు చక్రాల బండి చాలవచ్చు.

మోయగల బరువును అమ్మేవారి మాట మీద నమ్మరాదు. నమోదు పత్రంలో, అంటే ఆర్.సి.లో, ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. రెండవ దాని నుండి మొదటిది తీసివేసి, డ్రైవరు, సహాయకుల బరువులు కూడా మినహాయిస్తే మిగిలేదే సరుకుకు దక్కే బరువు. దానిని మించి వేస్తే మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షను ప్రకారం 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున మరికొంత పడుతుంది. ఎక్కువైన సరుకును దింపించే ఖర్చు కూడా భరించాలి. పైగా బ్రేకులు, టైర్లు, స్ప్రింగు పట్టీలు త్వరగా అరిగిపోతాయి.

2. తెల్ల పలక, పసుపు పలక

తక్కువ ధరకు వచ్చిందని పాత ప్రయాణికుల కారు కొని, వెనుక సీటు మడిచి, పార్సిళ్లు వేసుకొని తిరిగేవారు ఉన్నారు. ఇందులోని ప్రమాదం కొనేనాడు కనబడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, సరుకు కోసం తయారు కాని వాహనమైనా సరుకు రవాణాకు వాడినప్పుడు సరుకు బండి కిందనే లెక్క. సొంత వాడకానికి నమోదైన కారుకు తెల్ల పలక మీద నల్ల అక్షరాలు ఉంటాయి. రవాణా వాహనానికి పసుపు పలక మీద నల్ల అక్షరాలు, విద్యుత్ రవాణా వాహనానికి ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయి. పని ఒకటి, పలక మరొకటి అయితే జరిమానా పడుతుంది.

జరిమానా కంటే పెద్ద ప్రమాదం బీమాలో ఉంది. సొంత కారు బీమా పత్రంలో ‘వాడుక పరిమితులు’ అనే భాగం ఉంటుంది. బాడిగకు తిప్పడం, నమూనాలూ సొంత సామానూ తప్ప ఇతర సరుకు మోయడం ఆ బీమా పరిధిలోకి రావని సాధారణంగా అక్కడ రాసి ఉంటుంది. పార్సిళ్లతో వెళ్తున్న అటువంటి కారు ప్రమాదానికి గురైతే మరమ్మతు సొమ్మును బీమా సంస్థ నిరాకరించవచ్చు. ఎదుటి మనిషికి గాయమైతే సంస్థ ముందు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని బండి యజమాని నుండి రాబట్టుకొనే సందర్భాలు కూడా ఉంటాయి. ఒక్క ప్రమాదం పదేళ్ల సంపాదనను అప్పుగా మార్చగలదు. కాబట్టి సరుకు పనికి సరుకు బండిగా నమోదైన వాహనమే తగినది.

అటువంటి బండికి నిబంధనల భారం చాలామంది భయపడేంత పెద్దది కాదు. సరుకుతో కలిపి గరిష్ఠ బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి చట్టంలోని 66వ సెక్షను పర్మిటు నుండి మినహాయింపు ఇచ్చింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. అయితే సామర్థ్య ధ్రువపత్రం, అంటే ఎఫ్.సి., తప్పదు. కొత్త బండికి మొదటి 2 ఏళ్ల తరువాత, 8 ఏళ్ల వయసు వరకు 2 ఏళ్లకొకసారి, ఆ పైన ఏటేటా దానిని పునరుద్ధరించుకోవాలి. బీమాను గడువు దాటనీయరాదు. సహాయకుణ్ణి పెట్టుకొనేవారు అతనికి కూడా బీమా రక్షణ ఉండేటట్లు పత్రంలో రాయించుకోవాలి.

3. ఇంధనం: పొదుపు ఎప్పుడు పొదుపు?

ఈ భాగంలోనూ తరువాతి భాగంలోనూ ఉన్న రూపాయల సంఖ్యలు లెక్క నేర్పడానికి అనుకొన్నవి. కొనుగోలుదారు వాటి స్థానంలో ఆనాటి ధరలు వేసుకోవాలి.

ఒక బండి రోజుకు 70 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు తిరిగితే 1,820 కిలోమీటర్లు అవుతుంది. సరుకుతో, నగరపు రద్దీలో లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు బండికి 130 లీటర్లు కావాలి. లీటరు 100 రూపాయలైతే ఖర్చు 13,000. కిలోకు 20 కిలోమీటర్లు ఇచ్చే సి.ఎన్.జి. బండికి 91 కిలోల గ్యాసు కావాలి. కిలో 90 రూపాయలైతే ఖర్చు 8,190. నెలకు 4,810 రూపాయల ఆదా. గ్యాసు బండి ధర 90,000 ఎక్కువైతే ఆ తేడా సుమారు 19 నెలల్లో తీరుతుంది.

అదే బండి రోజుకు 30 కిలోమీటర్లే తిరిగితే ఆదా నెలకు 2,061 రూపాయలకు పడిపోతుంది. తేడా తీరడానికి సుమారు 44 నెలలు పడుతుంది. తక్కువ తిరిగేవారికి గ్యాసు బండి పొదుపు కాకపోవచ్చు.

ఈ లెక్కలో ఇంకొక అంకె చేరాలి. ఒకసారి 8 కిలోల గ్యాసు పడితే 160 కిలోమీటర్లు వస్తుంది. అంటే 1,820 కిలోమీటర్లకు నెలకు సుమారు 12 సార్లు బంకుకు వెళ్లాలి. ప్రతిసారీ వరుసలో 40 నిమిషాలు నిలబడితే నెలకు 8 గంటలు, అంటే ఒక పూర్తి పనిదినం పోతుంది. ఆ రోజు ఇంధనం పోగా చేతికి 1,500 రూపాయలు రావలసి ఉంటే నిజమైన ఆదా 3,310 మాత్రమే. అప్పుడు తేడా తీరేది 27 నెలలకు. కనుక బండి చూసే ముందు, పని దారిలో గ్యాసు బంకు ఉందో లేదో, అక్కడి వరుస ఎంత పొడవో చూడాలి. సిలిండరు బరువు వల్ల మోయగల సరుకు కూడా తగ్గవచ్చు. 100 కిలోలు తగ్గితే ప్రతి విడతకూ రెండు ఉల్లి బస్తాలు తగ్గినట్లే. ఆ సిలిండరుకు 3 ఏళ్లకొకసారి పీడన పరీక్ష చేయించాలి.

విద్యుత్ బండికి కిలోమీటరు ఖర్చు తక్కువే. అయితే అద్దె ఇంట్లో ఉండేవారు ముందుగా తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. రాత్రి బండి నిలిపే చోట ఛార్జింగుకు ఇంటి యజమాని ఒప్పుకొంటాడా? కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? పూర్తి సరుకుతో ఒక ఛార్జికి నిజంగా ఎంత దూరం వస్తుంది? బ్యాటరీ హామీ ఎన్ని ఏళ్లకు, ఎన్ని కిలోమీటర్లకు? వీటికి జవాబు దొరకనిదే బయానా ఇవ్వరాదు.

4. రోజులో బండి వాటా

పై గ్యాసు బండి ధర 6,00,000 అనుకొంటే, 1,50,000 చేతినుండి పెట్టి, మిగిలిన 4,50,000 రూపాయలకు 11 శాతం వడ్డీతో 5 ఏళ్ల అప్పు తీసుకొన్నవారి నెల ఖర్చు ఇలా ఉంటుంది:

అప్పు కంతు: 9,784
బీమా (ఏడాదికి 36,000 చొప్పున): 3,000
నిలిపే చోటు అద్దె, ఇతర చిల్లర: 1,500
గ్యాసు: 8,190
టైర్లు, సర్వీసు (కిలోమీటరుకు 1 రూపాయి చొప్పున): 1,820
మొత్తం: 24,294 రూపాయలు

మొదటి మూడు పద్దులు కలిపి 14,284 రూపాయలు. బండి కదలకపోయినా, మనిషి జ్వరంతో పడుకొన్నా ఆ మొత్తం చెల్లించక తప్పదు. చివరి రెండు పద్దులు తిరిగితేనే వచ్చే ఖర్చు, కిలోమీటరుకు 5 రూపాయల 50 పైసలు.

మొత్తాన్ని 26 రోజులకు పంచితే రోజుకు 934 రూపాయలు. ప్రతి ఉదయం బండి సంపాదించే తొలి 934 రూపాయలు బండివే. ఆ తరువాత వచ్చేదే ఇంటిది. రోజుకు 1,800 రూపాయల బాడిగ వస్తే ఇంటికి మిగిలేది 866, నెలకు 22,516. జీతానికి తోలినా అంతే వచ్చేటట్లయితే సొంత బండి తొందర పడవలసిన విషయం కాదు. కంతుల్లో కొంత భాగం ఆస్తిగా మిగులుతుందన్నది నిజమే. కాని 5 ఏళ్లలో లక్ష కిలోమీటర్లు దాటిన సరుకు బండి ధర బాగా పడిపోయి ఉంటుంది.

బాడిగ రేటు మాట్లాడేటప్పుడు ఖాళీ ప్రయాణాన్ని మరువరాదు. మొత్తం ఖర్చును 1,820 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 13 రూపాయల 35 పైసలు వస్తుంది. అయితే రోజుకు 70 కిలోమీటర్లలో 25 ఖాళీగా తిరిగేవే అయితే, బాడిగ వచ్చేది 45 కిలోమీటర్లకే. అప్పుడు ఆ కిలోమీటరు ఖర్చు 20 రూపాయల 76 పైసలు అవుతుంది. కిలోమీటరుకు 18 రూపాయలకు ఒప్పుకొన్నవాడు లాభమనుకొంటూనే నష్టపోతాడు. తిరుగు ప్రయాణానికి సరుకు కుదుర్చుకోవడం, మైలేజీ కాస్త ఎక్కువ ఉన్న బండి కొనడం కంటే పెద్ద పొదుపు.

5. పాత బండి, ఊరి బండి

పాత బండికి కంతు తక్కువ, మరమ్మతు ఎక్కువ. దానిని ఖాళీగా కాక, సరుకు వేసి, ఎత్తు రోడ్డు మీద నడిపి చూడాలి. ఆర్.సి.లో వాహన తరగతి సరుకు బండి అని ఉందా, ఇంజను, ఛాసిస్ నంబర్లు సరిపోతున్నాయా, పన్ను, ఎఫ్.సి., బీమా గడువులు ఎప్పుడు, పాత జరిమానాలు ఏమైనా మిగిలాయా అన్నవి సరిచూడాలి. ఆర్.సి.లో అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఉంటే, అప్పు తీరినట్లు 35వ ఫారం, ఆ సంస్థ నిరభ్యంతర పత్రం ఇప్పించుకోవాలి. 29, 30వ ఫారాలతో 30 రోజుల లోపల పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. నమ్మకం మీద పాత యజమాని పేరునే బండి తిప్పడం ఇద్దరికీ చిక్కు తెస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో నమోదైన బండిని బెంగళూరుకు తెచ్చుకొనేవారు ఇంకొక నిబంధన తెలుసుకోవాలి. వేరొక రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలని చట్టంలోని 47వ సెక్షను చెబుతుంది. అందుకు పాత రవాణా కార్యాలయం నుండి 28వ ఫారం ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. కర్ణాటకలో కట్టవలసిన పన్ను వేరు. ఊళ్లో చవకగా దొరికిన బండి ధరకు ఈ పన్ను, రాకపోకల ఖర్చు కలిపిన తరువాతనే అది చవకో కాదో తేలుతుంది.

అభ్యాసం

1. పై గ్యాసు బండినే ఒకరు నెలకు 24 రోజులు, రోజుకు 50 కిలోమీటర్లు తిప్పారు. వారి నెల ఖర్చు, రోజు ఖర్చు, కిలోమీటరు ఖర్చు ఎంత? (జవాబు: 20,884 రూపాయలు, సుమారు 870 రూపాయలు, 17 రూపాయల 40 పైసలు. తక్కువ తిరిగిన కొద్దీ కిలోమీటరు ఖర్చు పెరగడానికి కారణం చెప్పండి.)

2. ఒక ఆర్.సి.లో ఖాళీ బరువు 900 కిలోలు, గరిష్ఠ బరువు 1,600 కిలోలు అని ఉంది. డ్రైవరు, సహాయకుడు కలిసి 130 కిలోలు. ఆ బండిలో 50 కిలోల బస్తాలు ఎన్ని వేయవచ్చు? (జవాబు: 11.)

3. ప్రస్తుతం జీతానికి బండి తోలేవారు వారం రోజులపాటు సరుకుతో తిరిగిన కిలోమీటర్లు, ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు వేరువేరుగా రాసి ఉంచండి. బండి కొనే చర్చ ఇంట్లో మొదలైన రోజున ఆ కాగితాన్ని ఇంటివారందరి ముందు పెట్టి, పై ఐదు పద్దులను వారితో కలిసి నింపండి.