బరువెక్కడుందో ముందు చూడండి

నాయన నడిపిన పాత మహీంద్రా జీపు నా చేతికొచ్చిన కొత్తలో, మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర లారీల మధ్య బండి వెనక్కి తీయాలంటే భుజాలు పట్టేసేవి. ఇక పవర్ స్టీరింగ్ ఒక్కటే మందనుకుని కిట్‌కు అడ్వాన్సు కట్టడానికి సిద్ధపడ్డాను. పుంగనూరులో ఒక పెద్ద వయసు మెకానిక్ ఆపాడు. "డబ్బులు యాడికీ పోవు సామీ. ముందు బండిని జాకీ మీదికి ఎత్తుదాం."

ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి స్టీరింగ్ తిప్పమన్నాడు. గాల్లోనూ బిగుసుకునే ఉంది. స్టీరింగ్ బాక్సుకూ చక్రాలకూ మధ్యనున్న లింకు ఊడదీసి మళ్లీ తిప్పమన్నాడు. ఈసారి రెండు వేళ్లతో తిరిగింది. అంటే బాక్సు బాగానే ఉంది. చక్రాన్ని రెండు చేతులా పట్టి తిప్పబోతే మాత్రం మొరాయించింది. చక్రం పక్కకు తిరిగే కీళ్లు, అంటే కింగ్ పిన్నులు, ఎండిపోయాయి. గ్రీజు గన్ను పెట్టి కొడితే మొదట ఎక్కనే లేదు. కాసేపటికి తుప్పురంగు మట్టిముద్ద సన్నగా బయటికొచ్చింది, దాని వెనకే కొత్త గ్రీజు మెరుస్తూ వచ్చింది. టైర్లలో గాలీ తక్కువే. అరపూట పనితో సగం బరువు దిగిపోయింది.

పని మోయలేకపోతున్నామని ఇంకో మనిషిని పెట్టుకునే ముందు, కొత్త కోర్సుకు ఫీజు కట్టే ముందు మీరూ ఇలాగే లింకులు విడదీసి చూసుకోండి. నిద్ర చాలడం లేదా? రాని పని ఒకటి అడ్డం పడుతోందా? అడగాల్సిన మనిషిని అడగకుండా నెలల తరబడి నాన్చుతున్నారా? ఎండిన కీలుకు మోటారు తగిలిస్తే తిరుగుతుంది, కాదనను. కానీ లోపల అరుగుతూనే ఉంటుంది. బరువు తెలియకపోవడంతో అరుగుదలా తెలియదు. నాకు భయం వేసేది అక్కడే.

మిగిలిన సగానికి సాయం తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. అమెరికా ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1920ల్లోనే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ చేసి చూపించినా, అది మామూలు కార్లలో అమ్మకానికి వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. అన్నేళ్లూ జనం భుజబలంతోనే నెట్టుకొచ్చారు. మనం అలా నెట్టుకురావాల్సిన పని లేదు.

ఏ సాయమన్నది ఎప్పుడు బరువనిపిస్తుందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. హైడ్రాలిక్ పంపు బెల్టు మీద తిరుగుతుంది. మీరు స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా ఇంజిన్ శక్తి కొంత తింటుంది. బ్రాకెట్, గొట్టాలు, ఆయిలు, ఇన్ని కుదరాలి. స్టీరింగ్ కాలమ్‌కు తగిలించే ఎలక్ట్రిక్ మోటారు తిప్పినప్పుడే కరెంటు లాగుతుంది, అయితే ఒక్కసారిగా గట్టిగా లాగుతుంది. పాత ఆల్టర్నేటరూ వైర్లూ తట్టుకుంటాయో లేదో ముందే చూపించండి. పుంగనూరు ఆవును మెట్ట రైతు ఎందుకు మేపాడు? మూడడుగుల ఆవు తనకున్న కాస్త మేతతోనే సరిపెట్టుకుంటుంది కాబట్టి. మీ బండి పెట్టగలిగినంత మేత తినే సాయాన్నే తెచ్చుకోండి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. ఆర్టీఓ ఆఫీసులో అడిగాకే పని మొదలుపెట్టించండి.

నాకు బరువనిపించేది బండి నిలిచి ఉన్నప్పుడూ, మెల్లగా వెనక్కి తీసేటప్పుడూ. అందుకే ఎలక్ట్రిక్ మోటారే పెట్టించాను. సాయం పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ దానికో నాబ్ ఉంది. మొదటి రోజు పూర్తిగా పెంచి హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కాను. చిటికెన వేలితో తిరుగుతుంటే సంబరపడ్డాను. నాలుగో మలుపుకే గుండె జారింది. మలుపు తిరిగాక చేయి వదులు చేస్తే స్టీరింగ్ తనంతట తానే నేరుగా రావాలి. ముందు చక్రాలను అమర్చిన వాలులోనే ఆ గుణం ఉంటుంది. మోటారు దాన్ని మింగేసింది. కింద కంకర ఉందో తారు ఉందో చేతికి తెలియలేదు. పక్కన ఆపి, నాబ్ వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. నిలిచిన బండిని నొప్పి లేకుండా తిప్పగలిగే చోట ఆగాను. అంతకు మించి ఒక్క గీత కూడా పెంచలేదు.

మీ పిల్లవాడి హోంవర్కులోనూ, మీ కింద పనిచేసేవాళ్లకు చేయి అందించడంలోనూ ఆ నాబ్ మీ చేతిలోనే ఉంది. లెక్క మొత్తం మీరే చేసిపెడితే వాడికి ఎక్కడ తప్పుతోందో తెలియదు. ఆగిపోయిన మెట్టు దగ్గర చేయందించి, కదలగానే వదలండి.

పోయిన సంక్రాంతికి అమ్మను ఎక్కించుకుని 42వ నంబరు జాతీయ రహదారి మీద పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం వెళ్తున్నాను. రోడ్డు తిన్నగా ఉంది, అమ్మ కునుకు తీస్తోంది. స్టీరింగ్ ఎడమకు పిసరంత లాగుతున్నట్టు అరచేతికి తగిలింది. ఒక మైలు చూశాను, మళ్లీ లాగింది. చెట్టు కింద ఆపి దిగితే ముందు ఎడమ టైరులో మేకు, గాలి మెల్లగా పోతోంది. "ఏమైంది నాయనా?" అంది అమ్మ కళ్లు తెరిచి. స్టెప్నీ దించాను.