పాదం ఆపరేషనుకు ముందు ఇంటి దగ్గరే సిద్ధపడదాం

ఆపరేషను థియేటరు వాకిట్లో నర్సమ్మ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "పొద్దున ఏమైనా తీసుకున్నారా?"

"అన్నం ముట్టలేదమ్మా. ఒక్క చాయ్ మాత్రం తాగిన."

ఆ ఒక్క చాయ్‌తో ఆనాటి ఆపరేషను ఆగిపోవచ్చు. కూలి మానుకొని వచ్చిన కొడుకు, చంటిపిల్లను పక్కింట్లో వదిలి వచ్చిన కోడలు మళ్ళీ ఇంకో రోజు రావలసిందే. ఇది డాక్టరు పట్టుదల కాదు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణానికే ముప్పు. పాలు కలిసిన చాయ్, రాగిజావ, మజ్జిగ అన్నీ ఆహారం కిందనే లెక్క.

పాదానికి గాని, చీలమండకు గాని ఆపరేషను అనుకున్నవారు ముందుగా ఏమేమి చేసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాదం సంగతి వేరు

ఒక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. గుండెకు అన్నిటికన్నా దూరంగా ఉండేది పాదమే. అందుకే అక్కడికి రక్తం చేరడం కష్టం, చేరిన నీరు తిరిగి పైకి వెళ్ళడం ఇంకా కష్టం. వాపు త్వరగా వస్తుంది, గాయం నెమ్మదిగా మానుతుంది. చేతికి దెబ్బ తగిలితే మెడకు కట్టుకొని తిరగగలం. పాదాన్ని అలా కట్టుకొని తిరగలేం కదా!

డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మనలో కొందరు విని ఉంటారు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ తల్లిదండ్రులకు పుట్టిన ఆయన, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు ఆపరేషన్లు చేశారు. నరం దెబ్బతిని పాదం కిందికి వేలాడిపోయినవారికి, పనిచేస్తున్న మరో కండర తంతువును తీసి కొత్త చోట అతికించేవారు. ఇలాంటి ఆపరేషనుకు ముందే ఆ కండరాన్ని విడిగా కదిలించడం రోగికి నేర్పుతారు. తర్వాత సరియైన చెప్పులు తొడిగిస్తారు. కత్తి పని మధ్యలో కొంతసేపే. దానికి ముందు, వెనుక రోగి పడే శ్రద్ధ మీదనే ఫలితం నిలబడుతుంది.

1. షుగరును అదుపులోకి తెచ్చుకోండి

షుగరు ఎక్కువగా ఉంటే గాయం మానదు, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష 8 లోపు ఉంటే మేలని చాలామంది సర్జన్లు కోరుతారు. వాయిదా వేయగల ఆపరేషను అయితే ముందు షుగరు తగ్గించుకొని రండి.

అయితే ఒక్క మాట. పాలేరు ఆయకట్టు పొలంలో గాజుపెంకు గుచ్చుకున్న రైతును తలచుకోండి. పాదానికి స్పర్శ లేదు కనుక నొప్పి తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ చుట్టాడు. నాలుగో రోజుకు పాదం నల్లబడి వాసన వస్తోంది. ఇటువంటప్పుడు "షుగరు తగ్గాక పోదాం" అని ఇంట్లో కూర్చోరాదు. అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఒక వేలుతో పోయేది, ఆలస్యం చేస్తే మోకాలి దాకా పోతుంది.

2. బీడీ, చుట్ట, గుట్కా మానండి

పొగాకులోని నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. పాదానికి అసలే తక్కువగా వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది. ఆపరేషనుకు కనీసం నాలుగు నుండి ఆరు వారాల ముందే మానాలి. గాయం మానేదాకా మళ్ళీ ముట్టకూడదు. పొగ రాదు కదా అని గుట్కా, ఖైనీ వేసుకున్నా నష్టం అదే.

3. మందులన్నీ సంచిలో వేసుకొని రండి

మీరు వాడే ప్రతి మాత్ర షీటును చూపించండి. ఊళ్ళో మోకాళ్ళ నొప్పులకు ఇచ్చిన పేరు తెలియని మాత్రలు, నాటు మందులు కూడా దాచవద్దు. అటువంటి మాత్రల్లో కొన్ని స్టెరాయిడ్లు కావచ్చు. వాటిని చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే ప్రమాదం. రక్తం పలుచబడే మందులను, కొన్ని షుగరు మాత్రలను ఆపరేషనుకు కొన్ని రోజుల ముందు ఆపవలసి రావచ్చు. ఏది ఆపాలో, ఏది వేసుకోవాలో డాక్టరు చెప్పాలి. మీ అంతట మీరు నిర్ణయించుకోకండి. ఏ మందైనా పడకపోతే ఆ సంగతి కూడా చెప్పండి.

4. పాదాన్ని శుభ్రం చేసుకోండి

మడమ పగుళ్ళు, వేళ్ళ సందుల్లో పాచిన పుండ్లు, గోటి చీము ఉంటే ముందే చూపించండి. ముందురోజు రాత్రి, ఆ ఉదయం సబ్బుతో కడుక్కోండి. వెంట్రుకలు మీరే బ్లేడుతో గీసుకోవద్దు, ఆ సన్నని గాట్లలోనే క్రిములు చేరతాయి. గోళ్ళ రంగు తీసేయండి, ఆ రోజుల్లో గోరింటాకు పెట్టుకోకండి.

అక్కలారా, మెట్టెలు, పట్టీలు కూడా తీయాలి. మనసొప్పదని తెలుసు. కానీ వాపు వచ్చాక మెట్టె వేలిని ఉరితాడులా బిగిస్తుంది, అప్పుడు దాన్ని కత్తిరించవలసి వస్తుంది. తీసి ఇంట్లో భద్రంగా పెట్టి రండి.

5. ఇంటిని సిద్ధం చేయండి

చాలా ఆపరేషన్ల తర్వాత ఆరు వారాల వరకు ఆ కాలు నేల మీద మోపనివ్వరు. కనుక ముందే ఆలోచించుకోండి:

• పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో కాకుండా పని తక్కువ ఉన్నప్పుడు తేదీ అడగండి. అత్యవసరమైతే పంట కోసం ఆగవద్దు.
• చంక కర్రలతో నడవడం ఆపరేషనుకు ముందే నేర్చుకోండి.
• గొంతుకూర్చునే మరుగుదొడ్డి వాడలేరు. కమోడు కుర్చీ సమకూర్చుకోండి.
• కుంగిపోయే నులక మంచం వద్దు. గట్టి మంచం, కాలు గుండె కన్నా ఎత్తున పెట్టడానికి రెండు దిండ్లు ఉంచండి.
• కల్లాపి చల్లిన తడి వాకిట్లో కర్రలు జారతాయి. కొన్నాళ్ళు మీ దారి పొడిగా ఉంచమని ఇంట్లోవారికి చెప్పండి.

6. కాగితాలు, ఖర్చు

ఆధార్, ఆహార భద్రతా కార్డు, పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు తెచ్చుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే మీకు చేయబోయే ఆపరేషను ఆ పథకంలో ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. అప్పు చేసిన తర్వాత అడిగితే లాభం లేదు.

7. ఆ ఉదయం

సాధారణంగా తేలికపాటి ఆహారం ఆరు గంటల ముందు, మాంసం, నూనె వంటకాలు ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు. మీకు మత్తు డాక్టరు ఏ వేళ చెబితే అదే పాటించండి. ఏ కాలికి ఆపరేషనో గుర్తు పెట్టేటప్పుడు మీరూ చూసి సరిచూసుకోండి. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయకండి. చదివి వినిపించమని అడగడం మీ హక్కు.

ఇంటికి వెళ్ళాక ఇవి కనబడితే వెంటనే రండి

కట్టు కింద భరించలేని నొప్పి, వేళ్ళు నీలంగా లేక చల్లగా మారడం, తిమ్మిరి, జ్వరం, కట్టు నుండి దుర్వాసన, పిక్కలో నొప్పి, వాపు, ఆయాసం. పొద్దుటి దాకా ఆగవద్దు.

ఇంటిల్లిపాది కలిసి జవాబు చెప్పుకోండి

1. ఆపరేషను రోజు ఉదయం చాయ్ ఎందుకు తాగకూడదు?
2. నల్లబడిన పాదానికి షుగరు తగ్గేదాకా ఆగవచ్చా?
3. ఆరు వారాలు మన ఇంట్లో నీళ్ళు ఎవరు తెస్తారు, గొడ్లను ఎవరు చూస్తారు?

మూడో ప్రశ్నకు జవాబు ఆసుపత్రిలో దొరకదు. ఇంటివారు, ఇరుగుపొరుగు, సంఘస్థులు కలిసి చెప్పవలసిన జవాబు అది. మీ వీధిలో ఎవరికైనా ఇటువంటి ఆపరేషను ఉందని తెలిస్తే, పరామర్శకు పండ్లతో పాటు "గొడ్లకు మేత నేను వేస్తాను" అన్న మాట కూడా తీసుకువెళ్ళండి.