బరువు తీసేస్తే వేగం పెరుగుతుందా?
(కెఫే రేసర్ మోటారు సైకిలులో దాగివున్న విజ్ఞానం)

ఎదురుగాలిలో సైకిలు తొక్కిన వారెవరికైనా ఒక సంగతి తెలుసు. నిటారుగా కూర్చుని తొక్కితే కాళ్ళు పీకుతాయి. హ్యాండిలు మీదికి వంగి, మోచేతులు దగ్గరకు తీసుకుంటే అదే సైకిలు కాస్త తేలిగ్గా సాగుతుంది. సైకిలు బరువు తగ్గలేదు. మన బలమూ పెరగలేదు. మరి తగ్గిందేమిటి? గాలికి ఎదురు నిలిచే మన ఒంటి వైశాల్యం తగ్గింది. అందువల్ల గాలి నిరోధం కూడా తగ్గింది.

1950 తర్వాత ఇంగ్లండులోని కుర్రకారు ఈ సూత్రాన్ని మోటారు సైకిళ్ళకు వర్తింపజేశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బళ్ళను ఇంటి షెడ్లలో విప్పి, కొన్ని భాగాలు తీసేసి, కొన్ని మార్చి, కొన్ని సొంతంగా తయారుచేసి, కొత్త రకం బళ్ళను రూపొందించారు. వాటికే కెఫే రేసర్లని పేరు వచ్చింది. బండిలో ఒకటి మారిస్తే మరొకటి ఎలా మారిపోతుందో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఆ పేరెలా వచ్చింది?

లండన్ నగరంలో నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన 1938లో ఏస్ కెఫే అనే ఫలహారశాల వెలిసింది. ముఖ్యంగా లారీ డ్రైవర్ల కోసం పెట్టినది అది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు దాడికి గురైంది. 1949లో దాన్ని తిరిగి కట్టారు. రాత్రంతా తెరిచివుండే ఇలాంటి కెఫేల దగ్గర మోటారు సైకిళ్ళ కుర్రవాళ్ళు చేరేవారు. ఒక కెఫే నుంచి మరో కెఫేకి పందెం వేసుకుని పోయేవారు. గంటకు 100 మైళ్ళు, అంటే సుమారు 160 కిలోమీటర్ల వేగం అందుకోవడం వారికి గొప్ప. ఆ నూరును వారు ‘టన్’ అనేవారు.

ఆ సరదాలో ప్రాణాలు పోగొట్టుకున్న వారూ ఉన్నారు. ఆ రోజుల్లో శిరస్త్రాణం, అంటే హెల్మెట్, తప్పనిసరి కాదు. బ్రిటన్‌లో అది తప్పనిసరి అయింది 1973లో. అక్కడి రోడ్ల మీద గంటకు 70 మైళ్ళ గరిష్ఠ పరిమితి వచ్చింది 1965 చివరలో. ఏస్ కెఫే 1969లో మూతపడింది. మళ్ళీ 2001లో తెరుచుకుంది.

రెండు బళ్ళు కలిసి ఒకటి

కెఫే రేసర్లలో పేరు మోసినది ‘ట్రైటన్’. ఏ ఫ్యాక్టరీ దాన్ని మొదట తయారుచెయ్యలేదు. ట్రయంఫ్ బండి ఇంజనును నార్టన్ బండి ఫ్రేములో బిగిస్తే ట్రైటన్ అయింది. పేరు కూడా చెరి సగమే.

ఈ రెంటినీ ఎందుకు కలిపారు? ట్రయంఫ్ ఇంజనుకు రెండు సిలిండర్లు. మంచి శక్తినిచ్చేది. 1959లో వచ్చిన ట్రయంఫ్ బానవిల్ అనే 649 సి.సి. బండి ఇంజను శక్తి 46 అశ్వశక్తి అని కంపెనీ ప్రకటించింది. కాని వేగంగా మలుపు తిరిగేటప్పుడు దాని ఫ్రేము నార్టన్ ఫ్రేముకు సాటి వచ్చేది కాదు.

నార్టన్ ఫ్రేమును రూపొందించినవాడు ఉత్తర ఐర్లండుకు చెందిన రెక్స్ మెకాండ్లెస్. 1950లో అది పందేల్లోకి దిగింది. అదే సంవత్సరం జెఫ్ డ్యూక్ దాని మీద ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని పెద్ద పందెం గెలిచాడు. ఆ ఫ్రేము మీద ప్రయాణం ఈకల పరుపు మీద ఉన్నట్టుందన్న మాట వల్ల దానికి ‘ఫెదర్ బెడ్’ అనే పేరు స్థిరపడింది.

ఇంజను లేని నార్టన్ ఫ్రేములు కుర్రవాళ్ళకు ఎలా దొరికాయి? ఆ రోజుల్లో 500 సి.సి. చిన్న పందెం కార్లు కట్టేవారికి నార్టన్ పందెం ఇంజన్లు కావలసి వచ్చేవి. కంపెనీ ఇంజను ఒక్కటే అమ్మేది కాదు. అందుకని వారు పూర్తి మోటారు సైకిలు కొని, ఇంజను తీసుకుని, మిగతాది అమ్మేసేవారు. వారికి అక్కర్లేని ఫ్రేము వీరికి అక్కరకొచ్చింది.

ఇంజనును కొత్త ఫ్రేములో బిగించడానికి అల్యూమినియం మిశ్రమలోహపు పలకలు కోసి, బెజ్జాలు వేసేవారు. ఇక్కడ కొలత ముఖ్యం. గేరుబాక్సు దగ్గరి చిన్న పళ్ళచక్రమూ, వెనక చక్రం మీది పెద్ద పళ్ళచక్రమూ ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే చైను ఒకవైపు అరుగుతుంది. పరుగులో ఊడినా ఊడుతుంది. అలాగే ముందు చక్రమూ వెనక చక్రమూ ఒకే గీత మీద నడవాలి. లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

బరువు చేసే పని ఎంత?

కెఫే రేసర్ కట్టేవారు మొదట బరువు మీద పడతారు. బరువైన మడ్ గార్డులు, వెనక సీటు, సామాను పెట్టుకునే చట్రం తీసేస్తారు. ఇనుప రేకు పెట్రోలు టాంకుకు బదులు అల్యూమినియం టాంకు పెడతారు. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు బరువు సుమారు 7.8 గ్రాములైతే, అల్యూమినియం బరువు 2.7 గ్రాములే.

ఇందువల్ల ఎంత లాభం? బండి 180 కిలోలు, మనిషి 70 కిలోలు, మొత్తం 250 కిలోలు అనుకుందాం. ఇందులో 25 కిలోలు తీసేస్తే 225 మిగులుతుంది. న్యూటన్ రెండవ సూత్రం గుర్తుంది కదా! అదే బలంతో తోస్తే, ద్రవ్యరాశి తగ్గినకొద్దీ త్వరణం పెరుగుతుంది. ఇక్కడ త్వరణం సుమారు 11 శాతం పెరుగుతుంది. అంటే బండి చురుగ్గా అందుకుంటుంది.

కాని, చదునైన రోడ్డు మీద అది చేరగల గరిష్ఠ వేగం మాత్రం దాదాపు మారదు. అక్కడ అడ్డుపడేది బరువు కాదు, గాలి.

కంటికి కనబడని గోడ

వేగం రెట్టింపయితే గాలి నిరోధం రెట్టింపు కాదు, 4 రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని రెట్టింపు వేగంతో నెట్టుకుపోవాలి గనుక, కావలసిన శక్తి 8 రెట్లవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గాలిని చీల్చడానికి 5 అశ్వశక్తి సరిపోతుందనుకుంటే, 160 కిలోమీటర్ల వేగానికి 40 అశ్వశక్తి కావాలి. 46 అశ్వశక్తి గల బండికి ‘టన్’ ఎందుకంత కష్టమో ఇప్పుడు తెలిసింది కదూ! చైను, గేర్లు, టైర్లు కూడా ఇంజను శక్తిలో తమ వంతు తినేస్తాయి.

మనిషి వంగి పడుకున్నట్టు కూర్చుంటే గాలి నిరోధం నాలుగో వంతు తగ్గిందనుకుందాం. 40 కాస్తా 30 అవుతుంది. ఇంజను ముట్టుకోకుండానే 10 అశ్వశక్తి మిగిలినట్టే! అందుకే కెఫే రేసర్ హ్యాండిలు కురచగా, కిందికి ఉంటుంది. దాన్ని రెండు ముక్కలుగా చేసి ముందు ఫోర్కు గొట్టాలకే బిగిస్తారు. పాదాలు పెట్టుకునే కడ్డీలను వెనక్కి జరుపుతారు. పాదాలు పాత చోటే ఉంటే, వంగిన మనిషి బరువంతా చేతుల మీద పడి మణికట్లు నొప్పిపుడతాయి.

ఇక్కడ మరో మార్పు దానంతటదే వస్తుంది. మనిషి ముందుకు వంగితే గరిమనాభి కూడా ముందుకు జరుగుతుంది. ముందు చక్రం మీద భారం పెరుగుతుంది. కాబట్టి ముందు ఫోర్కు స్ప్రింగులను సరిచూసుకోవాలి. హ్యాండిలును పూర్తిగా రెండు పక్కలా తిప్పినపుడు, టాంకుకూ పిడికిలికీ మధ్య బొటనవేలు నలగకుండా చోటు ఉండాలి. ఈ పరీక్షను బండి నిలబెట్టి ఉండగానే చేస్తారు.

ఇంజనుకు ఊపిరి

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. రెంటినీ తగు పాళ్ళలో కలిపేది కార్బ్యురేటరు. మందు కొట్టే పంపు చూశారు కదా! గాలి వేగంగా పోయేచోట ఒత్తిడి తగ్గి, కింది ద్రవం పైకి లేచి తుంపరగా మారుతుంది. కార్బ్యురేటరులో జరిగేదీ అంతే. పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం గల భాగాన్ని జెట్ అంటారు.

ఇంజను బాగా ఊపిరి పీల్చాలని కొందరు గాలి వడపోత తీసేసి, గరాటు వంటి మూతి పెడతారు. గాలి ఎక్కువ వస్తుంది. కాని పెట్రోలు పాత జెట్ గుండా పాత లెక్కలోనే వస్తే, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. అప్పుడు ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. చివరకు పిస్టనే కరిగి చిల్లుపడవచ్చు. కాబట్టి గాలి పెంచినవారు జెట్ కూడా మార్చాలి. అదీగాక, వడపోత లేని ఇంజనులోకి దుమ్ము పోయి సిలిండరును గీరేస్తుంది.

లోపల ఏం జరుగుతున్నదో చెప్పే సాక్షి స్పార్కు ప్లగ్గు. దాని కొన లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. నల్లగా మసి పట్టివుంటే పెట్రోలు ఎక్కువైంది.

పళ్ళచక్రాల బేరం

ముందు పళ్ళచక్రానికి 19 పళ్ళు, వెనక దానికి 38 పళ్ళు ఉన్నాయనుకోండి. ముందుది 2 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ముందు 20 పళ్ళది పెడితే 1.9 చుట్లకే ఒక చుట్టు. ఇంజను అదే వేగంతో తిరుగుతున్నా బండి ఇంకొంచెం వేగంగా పోతుంది. కాని చక్రాన్ని తిప్పే బలం 5 శాతం తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. ఒకటి పొందాలంటే ఒకటి వదులుకోవాలి. ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు.

ఆపలేని వేగం వేగమే కాదు

కదిలే వస్తువుకు గతిజశక్తి ఉంటుంది. వేగం రెట్టింపయితే గతిజశక్తి 4 రెట్లవుతుంది. బండి ఆగాలంటే ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారాలి.

మంచి పొడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, బ్రేకు పట్టాక సుమారు 23 మీటర్లలో ఆగిందనుకుందాం. అవే బ్రేకులతో 120 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 92 మీటర్లు కావాలి. అంతేకాదు. ప్రమాదాన్ని చూసి బ్రేకు పట్టడానికి ఒక సెకను పడితే, ఆ సెకనులోనే మొదటి బండి 17 మీటర్లు, రెండవది 33 మీటర్లు పోతాయి. మొత్తం 40 మీటర్లు ఒకటి, 125 మీటర్లు మరొకటి! వేగం రెండింతలు, ఆగే దూరం మూడింతల పైన. రోడ్డు దాటే పిల్లవాడికి ఈ లెక్క తెలియదు. బండి నడిపేవాడికి తెలిసి తీరాలి.

అందుకే తెలిసినవారు ఇంజను శక్తి పెంచే ముందు బ్రేకులు మెరుగుపరుస్తారు. బ్రేకు పట్టినపుడు భారం ముందు చక్రం మీదికి వస్తుంది గనుక, ముందు బ్రేకే ఎక్కువ పని చెయ్యాలి. పాత రోజుల్లో అక్కడ పెద్ద డ్రమ్ము బ్రేకు పెట్టి, చల్లబడడానికి గాలి దారులు కూడా అమర్చేవారు. ఈనాడు డిస్కు బ్రేకులు వాడుతున్నారు.

బరువు తగ్గించడానికి కనబడ్డ చోటల్లా బెజ్జాలు వేయడం కూడా అపాయమే. బెజ్జం అంచున బలమంతా ఒకచోట పోగుపడి, అక్కడ బీట మొదలవుతుంది. పదే పదే అదిరే అల్యూమినియంలో ఈ బీట మరీ త్వరగా పెరుగుతుంది. అందంగా లేని ప్రతి భాగమూ అనవసరమైనది కాదు. అది ఏ భారం మోస్తున్నదో తెలుసుకున్నాకే తీసేయాలో, ఉంచాలో నిర్ణయించాలి.

ఒకసారికి ఒకే మార్పు

బండి కట్టడం ఒక ఎత్తు, దాన్ని సానపట్టడం మరొక ఎత్తు. జెట్టూ, పళ్ళచక్రమూ, సైలెన్సరూ ఒకేసారి మార్చారనుకోండి. బండి పాడైతే తప్పు దేనిది? బాగుపడితే గొప్ప దేనిది? తెలియదు. అందుకే నేర్పరి ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. తేదీ వేసి నోటుపుస్తకంలో రాస్తాడు. బిగించిన ప్రతి బోల్టు తల మీదా రంగుతో గీత పెడతాడు. కొంత దూరం నడిపాక గీత పక్కకు తిరిగివుంటే బోల్టు వదులైందని తెలిసిపోతుంది. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేసేదీ ఇదే పద్ధతి.

మనకూ ఈ కథతో సంబంధం ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఇంగ్లండులో 1964లో కాంటినెంటల్ జి.టి. అనే 250 సి.సి. కెఫే రేసరును ఫ్యాక్టరీలోనే తయారుచేసింది. ఆ కంపెనీ తోడ్పాటుతో 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్ల తయారీ, ఇంగ్లండు ఫ్యాక్టరీలు మూతపడినా ఆగలేదు. ఆ పాత పేరుతోనే 2013లో 535 సి.సి. బండి, 2018లో 650 సి.సి. బండి చెన్నై నుంచే ప్రపంచానికి వెళ్ళాయి. అయితే మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, బండిని తయారీదారు చెప్పిన నమూనాకు విరుద్ధంగా ఇష్టం వచ్చినట్టు మార్చి రోడ్డు మీద నడపరాదు.

మీరే చేసి చూడండి

1. ఒక కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టి, పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. తర్వాత అదే కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంటించి పెట్టండి. ఏది ఎక్కువ బరువు మోసింది? ఫ్రేములను గొట్టాలతో ఎందుకు చేస్తారో తెలుస్తుంది.

2. ఒకే వెడల్పు గల రెండు కాగితపు ముక్కలు తీసుకోండి. ఒకదాని అంచున చిన్న గాటు పెట్టండి. రెంటినీ లాగండి. ఏది ఎక్కడ చిరిగింది?

3. బళ్ళు తిరగని మైదానంలో, పెద్దలు దగ్గర ఉండగా, కొద్దిపాటి వాలు మీద ఒకే చోటు నుంచి సైకిలును తొక్కకుండా వదలండి. ఒకసారి నిటారుగా, ఒకసారి వంగి కూర్చోండి. ఆగిన చోట్లు గుర్తు పెట్టి కొలవండి. ఒక్కో విధంగా 5 సార్లు చేసి సగటు తీయండి. వంగినా చూపు మాత్రం ఎదురుగానే ఉండాలి సుమా!

ఆలోచించండి

ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వీస్తున్నపుడు, 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మీద గాలి నిరోధం, గాలి లేని రోజుకన్న ఎన్ని రెట్లుంటుంది?